నష్టం కోసం కోర్టుకెక్కేవారికి కొన్ని తిక్క సలహాలు

ఈ సలహాలు వినగానే చాలామందికి అడ్డదిడ్డంగా అనిపిస్తాయి. మంచి లాయరు కోసం తిరగొద్దంటాను. గెలిపిస్తానన్న మనిషిని వదిలేయమంటాను. కట్టాల్సిన పన్ను సున్నా అని వచ్చిన ఆర్డరు మీద కూడా అప్పీలుకు వెళ్లమంటాను. ఇందులో ఒక్కటీ సరదాకి అనడం లేదు. సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ సొమ్ము ఎలాగూ రాదు. కానీ పన్ను లెక్కలో ఆ నష్టాన్ని లాభాల్లోంచి తీసేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. దాన్ని కూడా గడువు తెలియకో, తప్పు మనిషిని నమ్మో పోగొట్టుకుంటుంటే చూడటం కష్టంగా ఉంటుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఆదాయపు పన్నుకు 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అంతకు ముందు సంవత్సరాల తగాదాలన్నీ 1961 చట్టం కిందే నడుస్తాయి కాబట్టి ఇక్కడ చెప్పే సెక్షన్లు పాతవే.

మంచి లాయరు కోసం తిరగొద్దు

నోటీసు రాగానే మనవాళ్లు ఫోన్లు మొదలుపెడతారు. "అన్నా, ఇన్‌కమ్ ట్యాక్స్‌కి మంచి లాయరెవరైనా తెలుసా?" బావమరిది ఒక పేరు చెబుతాడు, ఆఫీసులో పక్క సీటాయన ఇంకో పేరు చెబుతాడు. ఆ పెద్దాయన చూసేది భూముల కేసులో, చెక్ బౌన్సులో, జీఎస్టీనో ఎవరికీ తెలియదు. అసలు ఈ దశలో లాయరు అవసరమా అన్నది కూడా ఎవరూ అడగరు.

ముందు ఒక తెల్లకాగితం మీద రాసుకోండి: గొడవ అంకె మీదా, సెక్షన్ అర్థం మీదా, సెక్షన్ మీదేనా? ఎవరి దగ్గరకు వెళ్లాలో ఈ జవాబే చెబుతుంది.

అంకె మీదైతే కోర్టు ఊసే వద్దు. రిటర్నులు ప్రాసెస్ చేసే బెంగళూరు సీపీసీ నుంచి 143(1) ఇంటిమేషన్ వస్తుంది. కిందటేడాది నుంచి తెచ్చుకున్న నష్టాన్ని అందులో కొట్టేసి ఉంటారు. ఆ ఏడాది రిటర్ను గడువు దాటాక వేశారని లెక్కల్లో కనిపిస్తే నష్టాన్ని అక్కడికక్కడే తీసేసే అధికారం ఆ సెక్షన్‌లోనే ఉంది. మీరు గడువులోగా వేసిన అక్నాలెడ్జ్‌మెంట్ ఉంటే 154 కింద సవరణ అడగండి. ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల దాకా వ్యవధి ఉంటుంది. మీ ఊళ్లో రిటర్నులు వేసే ఆడిటర్ గారు చాలు. అయితే సవరణకు అర్జీ పెట్టాం కదా అని కూర్చుంటే అప్పీలుకున్న 30 రోజులు ఆగవు. అనుమానం ఉంటే రెండూ వేయించండి.

అర్థం మీద గొడవ అయితే అది నిజమైన పోరు. ఇందులో ఈమధ్య వచ్చిన గట్టి ఉదాహరణ జూపిటర్ క్యాపిటల్ కేసు. ఆ సంస్థ ఏషియానెట్ న్యూస్ నెట్‌వర్క్‌లో పెట్టుబడి పెట్టింది. కంపెనీ నష్టాల్లో మునిగి, కోర్టు అనుమతితో మూలధనాన్ని తగ్గించుకుంది. జూపిటర్ చేతిలో ఉన్న 15 కోట్లకు పైగా షేర్లు పదివేల లోపుకు పడిపోయాయి. వచ్చింది రూ. 3 కోట్ల చిల్లర. పోయినదాన్ని మూలధన నష్టంగా చూపిస్తే, షేరు ముఖ విలువ అలాగే పది రూపాయలుంది, మీ వాటా శాతం కూడా మారలేదు, ఎవరికీ బదిలీ చేయలేదు, కాబట్టి నష్టమే లేదని అధికారి తేల్చాడు. మొదటి అప్పీల్లోనూ ఓడిపోయారు. ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రిబ్యునల్ బెంగళూరు బెంచి మాత్రం హక్కు నశించడం కూడా బదిలీయేనంది. కర్ణాటక హైకోర్టు ఒప్పుకుంది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆదాయపు పన్ను శాఖ అర్జీని కొట్టేసింది. ఎక్కడా అంకె మీద వాదన లేదు. "బదిలీ" కిందికి ఏది వస్తుందన్నదే మొత్తం కేసు. దివాలా తీసిన కంపెనీల షేర్లు డీమ్యాట్‌లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఈ తీర్పును ఆడిటర్ గారితో కలిసి చదవాలి. అందులో మూలధనం తగ్గించారు, ఎంతో కొంత సొమ్ము చేతికొచ్చింది. మీ కంపెనీలో ఏం జరిగిందన్న దాన్ని బట్టే అది మీకు అక్కరకొస్తుంది.

ఇక సెక్షన్ మీదే కోపం ఉన్నవాళ్లు. క్రిప్టో నష్టాల వాళ్లు ఎక్కువగా ఈ గుంపులోనే ఉంటారు. 115బీబీహెచ్ ప్రకారం 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను పడుతుంది. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని మరో కాయిన్ లాభంలోంచి కూడా తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికి తీసుకెళ్లనివ్వరు. అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ చట్టం చెల్లదని అనే అధికారం మొదటి అప్పీలు వినే కమిషనర్‌కు గానీ ట్రిబ్యునల్‌కు గానీ లేదు. ఆ చట్టం కింద పుట్టినవాళ్లే వాళ్లు. హైకోర్టులో రిట్ వేయాల్సిందే. అక్కడ ఎదురయ్యేది ఆర్.కె. గర్గ్ కేసులో సుప్రీంకోర్టు 1981లో చెప్పిన మాట: ఆర్థిక చట్టాల విషయంలో చట్టసభకు విశాలమైన వెసులుబాటు ఉంటుంది. అందుకే నా సలహా ఏమిటంటే, సెక్షన్‌ను కొట్టేయించే కేసును సొంత డబ్బుతో ఒంటరిగా మోయొద్దు. 87ఏ రిబేటు విషయంలో రిటర్ను సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ముంబయిలో పన్ను నిపుణుల సంఘం, ఛాంబర్ ఆఫ్ ట్యాక్స్ కన్సల్టెంట్స్, 2024లో బాంబే హైకోర్టుకు వెళ్లింది. అలాంటి పని అలాంటివాళ్లు చేయాలి. మీరు చేయాల్సింది ఆ సంఘాలకు మీ లెక్కలు ఉదాహరణగా పంపడం.

గెలిపిస్తానన్నవాణ్ని వదిలేయండి

"గెలిస్తేనే ఫీజు ఇవ్వండి సార్, రిఫండులో పాతిక శాతం." ఇది వినడానికి పేదవాడికి దేవుడు పంపిన మాటలా ఉంటుంది. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాది కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు. చార్టర్డ్ అకౌంటెంట్లకు కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, ఫలితం మీద ఆధారపడిన ఫీజు వృత్తి నియమాలకు విరుద్ధం. ఆ మాట అంటున్నాడంటే మొదటి రోజే తన వృత్తి నియమాన్ని పక్కనపెట్టిన మనిషి అన్నమాట. మీ కాగితాలను మాత్రం నియమంగా చూస్తాడని ఎలా నమ్ముతారు?

ప్రకటనలు చూసి వెళ్లకపోవడం కూడా ఇందుకే. ఈ రెండు వృత్తుల్లోనూ ప్రకటనలిచ్చి కేసులు రాబట్టుకోవడం మీద గట్టి ఆంక్షలున్నాయి. వాట్సాప్‌లో "ట్యాక్స్ నోటీసు వచ్చిందా?" అంటూ తిరిగే మెసేజ్ వెనక నిజమైన సీఏ ఉన్నాడో లేదో ముందు చూడండి. సీఏ సభ్యత్వ నంబరు అడగొచ్చు, ఇన్‌స్టిట్యూట్‌లో సరిచూసుకోవచ్చు. లాయరైతే ఏ బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయ్యారో అడగండి. అడిగితే నొచ్చుకునే మనిషి మనకు పనికిరాడు.

మరి ఎవరిని పెట్టుకోవాలి? మొదటి భేటీలో మీరు ఎక్కడ ఓడిపోతారో చెప్పినవాళ్లను. "మీ కేసులో ఈ రెండు చోట్ల బలహీనం. కొనుగోలు తేదీకి కాంట్రాక్ట్ నోట్ లేదు. పైగా ఈ షేరు మీద విచారణ జరిగింది" అని ముఖం మీదే అన్న ఆడిటరు మీకు ఆప్తుడు. అతి చౌక ధరకు దొరికే పెన్నీ స్టాకుల కేసులు చూడండి. 2022లో కలకత్తా హైకోర్టు అలాంటి అప్పీళ్ల గుంపులో శాఖ వైపే నిలిచింది. బ్రోకరు బిల్లులు, బ్యాంకు లావాదేవీలు అన్నీ ఉన్నా సరే, ఆ ధర అంతలా పెరగడానికి కారణమేమిటో నిరూపించే బరువు పెట్టుబడిదారు మీదే ఉందంది. నష్టం చూపించినవాళ్లకూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఈ సంగతి ముందు చెప్పకుండా "కాగితాలన్నీ ఉన్నాయి కదా, ఏం భయం లేదు" అనే మనిషి మిమ్మల్ని చీకట్లో నడిపిస్తున్నాడు.

నిపుణుణ్ని వెతకడానికి నాకు నచ్చిన దారి వేరే ఉంది. ట్రిబ్యునల్ ఆర్డర్లు దాని సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మనకు హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో బెంచీలున్నాయి. ప్రతి ఆర్డరు మీదా పన్ను చెల్లింపుదారు తరఫున ఎవరు వాదించారో పేరు ఉంటుంది. మీ సమస్యకు దగ్గరగా ఉన్న ఓ పది ఆర్డర్లు తెరవండి. గెలిచినవి మాత్రమే చదవొద్దు, ఓడినవి కూడా చదవండి. ఓడిన ఆర్డరులో వాదన ఎంత దూరం వెళ్లిందో, ఏ కాగితం లేక ఆగిపోయిందో తెలుస్తుంది. ఒక్కోసారి ఓడిన ప్రతినిధే మీ కేసుకు సరైన మనిషి, ఎందుకంటే ఎక్కడ దెబ్బ తగులుతుందో ఆయనకు తెలుసు.

అలా చదివేటప్పుడు సంవత్సరం చూడటం మరవొద్దు. 2015లో రాప్టకాస్ బ్రెట్ కేసులో ముంబయి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు ఇప్పటికీ చాలామంది చేత్తో పట్టుకుని తిరుగుతుంటారు. లిస్టెడ్ షేర్ల లాంగ్ టర్మ్ లాభానికి పన్ను లేని కాలమది. లాభానికి పన్ను లేనప్పుడు నష్టం కూడా లెక్కలోకి రాదని శాఖ వాదిస్తే, ట్రిబ్యునల్ కాదని, ఆ నష్టాన్ని భూమి అమ్మకం లాభంలోంచి తీసేసుకోనిచ్చింది. 2018 ఏప్రిల్ నుంచి ఆ లాభానికే 112ఏ కింద పన్ను వచ్చేసింది. తర్వాతి సంవత్సరాలకు ఆ గొడవే లేదు. అలాంటి తీర్పును 2023 నాటి కేసుకు అతికించే సలహాదారుడు తీర్పు శీర్షిక మాత్రమే చదివాడు.

మాటకారి వద్దు, రాతకారి కావాలి

మన ఊళ్లలో లాయరంటే గొంతు. జడ్జి ముందు గడగడా మాట్లాడాలి, అవతలి పక్షం నోరు మూయించాలి. పన్ను కేసులో మొదటి అప్పీలు కమిషనర్ అప్పీల్స్ దగ్గర, చాలావరకు ఫేస్‌లెస్ పద్ధతిలో జరుగుతుంది. అధికారి ఏ ఊళ్లో ఉన్నాడో కూడా తెలియదు. మీరు అప్‌లోడ్ చేసిన కాగితమే మీ గొంతు. కావాలంటే వీడియో ద్వారా వినమని అడగొచ్చు, కానీ అప్పటికే రాసిచ్చిన దానికి తోకలాగే ఉంటుంది ఆ విచారణ.

ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. వాస్తవాల విషయంలో చివరి మాట ట్రిబ్యునల్‌దే. హైకోర్టుకు 260ఏ కింద వెళ్లాలంటే చట్టానికి సంబంధించిన గణనీయమైన ప్రశ్న ఉండాలి. కాంట్రాక్ట్ నోట్, డీమ్యాట్ స్టేట్‌మెంట్, బ్యాంకు ఎంట్రీ మొదటి మెట్టులో పెట్టకపోతే, తర్వాత లక్షలు పోసి తెచ్చిన సీనియర్ కౌన్సిల్ వాటిని హైకోర్టులో కొత్తగా సృష్టించలేడు. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి అప్పీలుకు ఎవరో ఒకరిచేత రెండు పేజీలు రాయించి, ఓడాక పెద్ద లాయరు కోసం పరిగెడతారు. డబ్బు పెట్టాల్సింది మొదటి అప్పీలుకే.

ఇక్కడ ఎవరు నిలబడొచ్చో తెలిస్తే ఖర్చు తగ్గుతుంది. సెక్షన్ 288 ప్రకారం ట్రిబ్యునల్ దాకా సీఏ వాదించవచ్చు, న్యాయవాది వాదించవచ్చు, మీ బంధువు కూడా మీ తరఫున హాజరు కావచ్చు. అమెరికాలో మీ పన్ను చూసే సీపీఏకి ఆ హోదా చాలదు. హైకోర్టులో సీఏ వాదించలేరు, న్యాయవాది కావాలి, లేదా మీరే నిలబడాలి. కాబట్టి మంచి సీఏను మొదట పెట్టుకుని, ఆయన రాసే గ్రౌండ్స్‌ను ఒక పన్నుల న్యాయవాదికి ఒక్కసారి చూపించడం నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన ఖర్చు. ప్రభుత్వ ఫీజు అయితే పెద్ద బరువు కాదు. మొదటి అప్పీలుకు గరిష్ఠంగా రూ. 1,000, ట్రిబ్యునల్‌కు గరిష్ఠంగా రూ. 10,000.

పన్ను సున్నా అన్నా అప్పీలు చేయండి

ఇది చాలామంది మింగలేని సలహా. మీరు రూ. 12 లక్షల నష్టం చూపించారు. అధికారి దాన్ని రూ. 2 లక్షలకు తగ్గించాడు. కట్టాల్సింది ఏమీ లేదు, డిమాండ్ సున్నా. "హమ్మయ్య, ఏం కట్టక్కర్లేదట" అని ఫైలు మూసేస్తారు. కానీ మూలధన నష్టం ఎనిమిదేళ్లు ముందుకు వస్తుంది. షార్ట్ టర్మ్ నష్టమైతే రెండు రకాల లాభాల్లోంచీ పోతుంది, లాంగ్ టర్మ్ నష్టమైతే లాంగ్ టర్మ్ లాభంలోంచి మాత్రమే. ఆ పది లక్షల మీద పన్ను రేపు మీరు ఇంటి స్థలం అమ్మినప్పుడు తిరిగొస్తుంది. లెక్కగట్టిన నష్టం మీద అభ్యంతరం ఉన్నా అప్పీలు చేయవచ్చని చట్టం విడమరిచి చెప్పింది. పైగా నష్టాన్ని తగ్గించిన ఆర్డరు 270ఏ కింద పెనాల్టీకి కూడా దారి తీయవచ్చు. 30 రోజుల్లో ఫారం 35 వేయండి.

"ఈ ఆర్డరు గురించి మర్చిపోండి, వచ్చే ఏడాది చూసుకుందాం" అన్న ఆడిటరును మార్చడానికి ఆ ఒక్క మాట చాలు.

వివాదం ఉన్న నష్టాన్ని రిటర్నులో ఓ మూల దాచమని చెప్పేవాళ్లను కూడా దూరం పెట్టండి. పూర్తిగా చూపించండి, ఏ కారణంతో చూపిస్తున్నారో రాతపూర్వకంగా ఉంచుకోండి. చట్టపరంగా నిలబడని క్లెయిమ్ వేసినంత మాత్రాన తప్పుడు వివరాలిచ్చినట్టు కాదని 2010లో రిలయన్స్ పెట్రోప్రోడక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు పాత పెనాల్టీ సెక్షన్ కింద చెప్పింది. కొత్త సెక్షన్‌లోనూ నిజాయితీగా వివరించి, వాస్తవాలన్నీ బయటపెట్టినవాళ్లకు రక్షణ ఉంది. అదే ఏడాది వాల్‌ఫోర్ట్ కేసు కూడా తేలింది. డివిడెండ్‌కు ముందు మ్యూచువల్ ఫండ్ యూనిట్లు రూ. 17.23కు కొని, రూ. 4 డివిడెండ్ తీసుకుని, రూ. 13.23కు అమ్మిన లావాదేవీ అది. అంతా బాహాటంగా జరిగింది. ఇలాంటి నష్టాలను అడ్డుకునే 94(7) సెక్షన్ రాకముందు కాలానికి ఆ నష్టాన్ని కాదనలేమని సుప్రీంకోర్టు తేల్చింది.

గడువు దాటినవాళ్లు కోర్టుకు వెళ్లొద్దు

నష్టాన్ని ముందుకు తీసుకెళ్లాలంటే రిటర్ను గడువులోగా వేయాలి. సెక్షన్ 80లో ఉన్న ఈ షరతు మీద అప్పీళ్లు వేసి గెలవాలని చూడటం గోడకు తల మోదుకోవడమే. దానికి వేరే తలుపుంది. 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవచ్చు. 2024 అక్టోబరు 1న వచ్చిన కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) సర్క్యులర్ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్లలోపు అడగాలి. కోటి రూపాయల లోపు క్లెయిమ్ అయితే ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేలుతుంది. ఆసుపత్రి కాగితమో, ఇంట్లో మరణమో, ఆలస్యానికి నిజమైన కారణం ఉండాలి. దాన్ని నాలుగు పేజీల్లో శుభ్రంగా రాసేవాళ్లు కావాలి. కాదంటే అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే దారి. అప్పుడు తెలంగాణవాళ్లు హైదరాబాద్‌లో, ఆంధ్రవాళ్లు అమరావతిలో రిట్లు చూసే న్యాయవాదిని వెతుక్కోవాలి.

ఎఫ్ అండ్ ఓ చేసే ఉద్యోగులు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలో చేసిన డెరివేటివ్స్ వ్యాపార నష్టం అవుతుంది, స్పెక్యులేషన్ కాదు. జీతంలోంచి తీసేయలేరు గానీ అద్దెలోంచి, వడ్డీలోంచి తీసేయొచ్చు, మిగిలింది ఎనిమిదేళ్లు తీసుకెళ్లొచ్చు. ఇంట్రాడే షేర్ల నష్టం అలా కాదు, స్పెక్యులేషన్ లాభంలోంచే పోవాలి, అదీ నాలుగేళ్లే. ఈ రెండిటినీ కలగాపులగం చేసి రిటర్ను వేసిన మనిషి దగ్గరికే అప్పీలు కోసం మళ్లీ వెళ్లొద్దు. మొదటి తప్పును సమర్థించుకోవడానికే ఆయన బుర్ర పనిచేస్తుంది.

చిన్న గెలుపుతో ఆగండి

ట్రిబ్యునల్లో గెలిచారు. శాఖ హైకోర్టుకు వెళ్తుందేమోనని నిద్రపట్టదు. 2024 సెప్టెంబరు నాటి సీబీడీటీ సర్క్యులర్ ప్రకారం, పన్ను ప్రభావం రూ. 2 కోట్లు దాటితే తప్ప సాధారణంగా శాఖ హైకోర్టుకు వెళ్లదు. ట్రిబ్యునల్‌కు ఆ పరిమితి రూ. 60 లక్షలు, సుప్రీంకోర్టుకు రూ. 5 కోట్లు. కొన్ని మినహాయింపులున్నాయి, ముఖ్యంగా పెన్నీ స్టాకుల విషయంలో. నష్టాన్ని తగ్గించిన కేసులో ఆ నష్టం మీద పడగల ఊహా పన్నునే లెక్కేస్తారు. మామూలు కుటుంబాల తగాదాలు చాలావరకు ఈ గీతకు కిందే ఉంటాయి. కాబట్టి మొత్తం గెలవలేదన్న పంతంతో మిగిలిన కాస్త కోసం మీరే పైకోర్టుకు వెళ్లే ముందు, చేతికొచ్చిందెంతో లెక్క వేసుకోండి. ఓడితే పైకి వెళ్లడానికి ట్రిబ్యునల్‌కు ఆర్డరు అందిన నెల చివరి నుంచి రెండు నెలలు, హైకోర్టుకు 120 రోజులు ఉంటాయి.

గెలిచినా పని అయిపోదు. కమిషనర్ కార్యాలయానికి ఆర్డరు అందిన నెల చివరి నుంచి మూడు నెలల్లో అసెసింగ్ అధికారి దాన్ని అమలు చేస్తూ కొత్త లెక్క ఇవ్వాలి. చాలామంది గెలిచిన కాగితాన్ని ఫ్రేము కట్టించి దీన్ని మర్చిపోతారు. పోర్టల్లో నష్టం పాత అంకెలోనే ఉండిపోతుంది, తర్వాతి ఏడాది కంప్యూటర్ మళ్లీ కొట్టేస్తుంది. ఆర్డరు కాపీ జతచేసి అమలు చేయమని లేఖ రాయండి. ఈ మధ్యలో వేసిన రిటర్నుల్లో ఆ నష్టం వాడుకోవాల్సి ఉంటే వాటికి సవరణ అడగండి. దీనికి లాయరు అక్కర్లేదు, మళ్లీ మీ ఊరి ఆడిటర్ గారి దగ్గరికే వెళ్లండి.